డిస్కు నుంచి తెర మీదికి: ఆస్పెక్ట్ రేషియో నిర్ణయంపై ఒక సమీక్ష

చలనచిత్రపు వెడల్పుకూ ఎత్తుకూ మధ్య ఉన్న నిష్పత్తిని ఆస్పెక్ట్ రేషియో అంటారు. ఎత్తును ఒకటిగా తీసుకుని వెడల్పు దానికి ఎన్ని రెట్లో చెప్పడం వాడుక కాబట్టి, 1.33 అంటే ఎత్తు మూడు పాళ్ళున్న చోట వెడల్పు నాలుగు పాళ్ళని, 2.35 అంటే వెడల్పు ఎత్తుకు రెండింతలు మించి ఉందని అర్థం. ఫిల్ము రీళ్ళతో నడిచిన సినిమాహాల్లో ఈ నిష్పత్తిని ప్రొజెక్టరు గేటులో అమర్చే అపర్చర్ ప్లేటు అనే లోహపు పలక, దాని ముందు బిగించే లెన్సు, తెర అంచుల వెంట జరిపే నల్లగుడ్డలు కలిసి నిలబెట్టేవి. ఆ మూడూ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవలసిన మనిషి ఒక్కడే, ఆపరేటరు. డీవీడీ నుంచో బ్లూ-రే నుంచో ఫిల్మ్ సొసైటీలోనో, కళాశాల సమావేశ మందిరంలోనో, ఇంట్లోనో బొమ్మ వేసేటప్పుడు ఆ ఒక్కడి పని డిస్కు తయారుచేసిన సంస్థకు కొంత, ప్లేయరుకు కొంత, ప్రొజెక్టరుకు కొంత చేరి, మొత్తానికి ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. అందువల్లే పాత్రలు పొట్టిగా లావుగా కనిపించే ప్రదర్శనలూ, నుదుటి పైభాగమో పక్కన నిలబడ్డ రెండో పాత్రో తెరకు అందని ప్రదర్శనలూ ఇంత మామూలైపోయాయి.

సరైన నిష్పత్తి ఏదన్న ప్రశ్నకు డిస్కు అట్ట మీద ముద్రించిన అంకె జవాబు కాదు, ప్రొజెక్టరు తనంతట తాను ఎంచుకున్నదీ జవాబు కాదు. దర్శకుడూ ఛాయాగ్రాహకుడూ ఏ చట్రాన్ని దృష్టిలో పెట్టుకుని దృశ్యాన్ని కూర్చారో అదే సరైన చట్రం. అది చాలా చిత్రాల విషయంలో తేలికగా తేలుతుంది, కొన్నింటి విషయంలో గట్టి వాదాలకు తావిస్తుంది, మరికొన్నింటిలో ఒకటికి మించిన జవాబులను కూడా ఒప్పుకోవలసి వస్తుంది. ఈ మూడు రకాలనూ వేరుచేసి చూడాలంటే ముందు చిత్రం ఏ కాలానిదో, ఏ పద్ధతిలో తీసిందో తెలియాలి.

ఎడిసన్ ప్రయోగశాలలో విలియం డిక్సన్ 1890ల తొలి ఏళ్ళలో 35 మిల్లీమీటర్ల ఫిల్మును, ఒక్కో ఫ్రేముకు పక్కన నాలుగు రంధ్రాల చొప్పున, ఖరారు చేసినప్పుడు ఏర్పడ్డ ఆకారం 1.33. మూకీ చిత్రాలన్నీ దాదాపు ఈ ఆకారంలోనే ఉన్నాయి. ఫిల్ము మీదనే శబ్దాన్ని ముద్రించే పద్ధతి రాగానే శబ్దపట్టీ బొమ్మకు ఎడమవైపు కొంత జాగాను ఆక్రమించడంతో బొమ్మ ఇంచుమించు చతురస్రమై 1.19కి కుదించుకుపోయింది, ముర్నావ్ తీసిన 'సన్‌రైజ్', ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన 'ఎం' ఈ సంధికాలపు చిత్రాలే. 1932లో అమెరికా చలనచిత్ర అకాడమీ ఫ్రేముల మధ్య గీతను మందం చేసి, ఎత్తును తగ్గించి, 1.37 నిష్పత్తిని ప్రమాణంగా నిలిపింది. మూకీ చిత్రాన్ని అకాడమీ చట్రంలోంచి డిస్కుకు ఎక్కిస్తే ఎడమ అంచూ, పైన కింద కొంత భాగమూ పోతాయి. 'ఎం' వంటి చిత్రాన్ని అలా ఎక్కిస్తే లాంగ్ కూర్చిన దృశ్యాల్లో తలలు తెగుతాయి. 1.19కీ 1.37కీ తేడా అంకెల్లో చిన్నదిగా తోచినా, ఎత్తులో ఎనిమిదో వంతు పోవడమంటే మనిషి నెత్తి మీది టోపీ పోవడమే.

టెలివిజన్ ఇంటింటికీ చేరి ప్రేక్షకులు తగ్గిపోతున్న రోజుల్లో, అంటే 1952-53లో, వెడల్పు తెర హాలీవుడ్‌కు ఒక్కసారిగా అవసరమైంది. 1952 సెప్టెంబరులో మూడు ప్రొజెక్టర్లతో ఒంపు తిరిగిన తెర మీద సినీరమా మొదలైంది. మరుసటి సెప్టెంబరులో ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ 'ది రోబ్' చిత్రంతో సినిమాస్కోప్‌ను తెచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంరీ క్రెతియాఁ అంతకు రెండు దశాబ్దాల ముందే రూపొందించిన అనమార్ఫిక్ లెన్సు దీనికి ఆధారం: కెమెరాలోని లెన్సు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్ము మీదికి ఎక్కిస్తే, ప్రొజెక్టరు మీది లెన్సు దాన్ని తిరిగి రెండింతలు విప్పుతుంది. అయస్కాంత శబ్దపట్టీలతో వచ్చిన తొలి సినిమాస్కోప్ చిత్రాలు 2.55 వెడల్పున ఉండేవి, కాంతి ద్వారా చదివే శబ్దపట్టీ తిరిగి చేరాక అది 2.35 అయింది, ఫిల్ము అతుకులు తెర మీద మెరవకుండా 1970లో ఎత్తును మరికాస్త కత్తిరించాక 2.39 అయింది. వాడుకలో మాత్రం 2.35 అన్న మాటే నిలిచిపోయినందువల్ల డిస్కు అట్టల మీద 2.35, 2.39, 2.40 అన్న మూడు అంకెలూ తరచు ఒకే ఆకారానికి పేర్లుగా కనిపిస్తాయి. వాటి మధ్య భేదం గురించి ప్రదర్శకుడు బెంగపడనక్కరలేదు. 'ది రోబ్' వంటి తొలినాటి చిత్రం 2.35లో కనిపిస్తే మాత్రం పక్కలు కోసిన డిస్కు చేతికి వచ్చిందని గ్రహించాలి.

ఫాక్స్ లెన్సులు కొనడం ఇష్టంలేని సంస్థలు మరో దారి పట్టాయి. అకాడమీ చట్రంలో తీసిన చిత్రానికే ప్రొజెక్టరు గేటులో పైనా కిందా అడ్డుపెట్టి, పెద్ద తెర మీదికి సాగనిస్తే వెడల్పు తెర చిత్రమే అయిపోతుంది. పారమౌంట్ 1.66ను, యూనివర్సల్ 1.85ను, ఎంజీఎం 1.75ను ఎంచుకున్నాయి, కొన్నేళ్ళకు అమెరికా 1.85 దగ్గరా, ఐరోపాలోని చాలా దేశాలు 1.66 దగ్గరా కుదురుకున్నాయి. ఈ పద్ధతిని మ్యాటింగ్ అంటారు. డిస్కు ప్రదర్శనలో వచ్చే చిక్కుముళ్ళలో అధికభాగానికి మూలం ఇదే, ఎందుకంటే సినిమాస్కోప్ చిత్రంలో పక్కలు పోతే పోయినట్టు తెలుస్తుంది గానీ, మ్యాటింగ్ కోసం తీసిన చిత్రంలో ప్రేక్షకుడు చూడకూడని పైభాగమూ కిందిభాగమూ నెగటివ్ మీద నిక్షేపంగా ఉంటాయి. అడ్డు తీసేసి మొత్తం చూపే డిస్కును ఓపెన్ మ్యాట్ అంటారు, ఎక్కువ బొమ్మ కనిపిస్తోంది కాబట్టి అదే మేలని నమ్మేవారూ ఉన్నారు. టిమ్ బర్టన్ 1985లో తీసిన 'పీ-వీస్ బిగ్ అడ్వెంచర్' ఆ నమ్మకానికి చక్కని సమాధానం. సైకిలు పెట్టెలోంచి నాయకుడు అంతులేని గొలుసును లాగుతూనే ఉంటాడు, అంత చిన్న పెట్టెలో అంత గొలుసు ఎలా పట్టిందన్నదే హాస్యం. అడ్డు తీసిన వీడియోలో పెట్టె అడుగు నుంచి గొలుసు పైకి రావడం కనిపించి ఆ హాస్యం కాస్తా ఎగిరిపోతుంది.

అకాడమీ చట్రం నుంచి వెడల్పు తెరకు మారిన సంధికాలంలోని చిత్రాల చుట్టూనే నిజమైన వివాదాలున్నాయి. జార్జ్ స్టీవెన్స్ 'షేన్'ను 1951లో 1.37 కోసమే తీశాడు, 1953లో అది విడుదలయ్యే నాటికి వెడల్పు తెర మోజు మొదలైనందున పారమౌంట్ దాన్ని పైనా కిందా కోసి 1.66లో ప్రదర్శించింది. 2013లో బ్లూ-రేకు మొదట 1.66నే ప్రకటించినా, వచ్చిన విమర్శల తర్వాత 1.37లోనే విడుదల చేశారు. చారిత్రక ప్రదర్శన ఒకటి, కూర్పు మరొకటి అయినప్పుడు కూర్పుకే పెద్దపీట వెయ్యాలన్నది ఈ నిర్ణయంలోని సూత్రం, అది న్యాయమైన సూత్రం కూడా. 1954 నాటి 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' పరిస్థితి వేరు: తీస్తున్నప్పుడే ఏ హాలులో ఏ అడ్డు పెడతారో తెలియని అయోమయం ఉన్నందున అన్నింటికీ పనికొచ్చేలా దృశ్యాలను కూర్చారు, క్రైటీరియన్ సంస్థ 2013లో దాన్ని 1.66, 1.85, 1.33 మూడింటిలోనూ ఇచ్చింది. వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్'ను మాస్టర్స్ ఆఫ్ సినిమా సంస్థ 1.37, 1.85 రెండింటిలోనూ ఇచ్చింది. ఇలాంటి చిత్రాన్ని వేసే సొసైటీ తాను ఏది ఎంచుకుందో, ఎందుకు ఎంచుకుందో ప్రదర్శనకు ముందు చెప్పడం మర్యాద.

దర్శకుడి ఇష్టమే ప్రమాణమనుకున్నా చిక్కు తీరదు. స్టాన్లీ కూబ్రిక్ 'ది షైనింగ్' 2001 నాటి డీవీడీలో 1.33గా ఉంది, అది ఆయన బతికి ఉండగా వీడియోకు ఒప్పుకున్న ఆకారం. కాని 4:3 ఆకారపు టీవీల రోజుల్లో నల్లపట్టీల కన్నా నిండు బొమ్మ నయమని ఒప్పుకోవడానికీ, థియేటరు కోసం కూర్చిన చట్రాన్ని కాదనుకోవడానికీ చాలా దూరం ఉంది. 2007లో వచ్చిన డిస్కులు వెడల్పు చట్రానికి మారాయి. 'బారీ లిండన్' 2011లో బ్లూ-రేగా 1.78లో వచ్చి, అదే దర్శకుడి అభిమతమని సమర్థించబడిన తర్వాత, 1975 డిసెంబరులో కూబ్రిక్ ప్రొజెక్టరు ఆపరేటర్లకు రాసిన ఉత్తరం బయటికి వచ్చింది, చిత్రాన్ని 1.66లో తీశామని, ఎట్టి పరిస్థితుల్లోనూ 1.75 దాటనివ్వవద్దని అందులో ఆయన స్పష్టంగా చెప్పాడు. 2017 నాటి క్రైటీరియన్ డిస్కు 1.66కు తిరిగి వచ్చింది. ఛాయాగ్రాహకుడు విత్తోరియో స్తొరారో సమస్య ఇంతకన్నా కఠినమైనది: భవిష్యత్తులో అన్ని చిత్రాలూ 2.00లో ఉండాలని 1998లో ప్రతిపాదించిన ఆయన, తాను అంతకుముందే 2.35కు కూర్చిన 'అపోకలిప్స్ నౌ', 'ది లాస్ట్ ఎంపరర్' చిత్రాలను కూడా డిస్కుల మీద 2.00కి కత్తిరింపజేశాడు. సృష్టికర్త తరువాతి కాలంలో మార్చుకున్న మనసు కన్నా, సృష్టించేటప్పుడు కెమెరా వ్యూఫైండరులో గీసుకున్న గీతకే విలువ ఎక్కువ ఇవ్వాలి. 'అపోకలిప్స్ నౌ' 2010 బ్లూ-రేలో తిరిగి 2.35కు చేరింది.

భారతీయ చిత్రాల విషయంలో ఈ లెక్క కొంత సులువు. గురుదత్ 'కాగజ్ కే ఫూల్' 1959లో తొలి భారతీయ సినిమాస్కోప్ చిత్రంగా వచ్చింది, ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణంలో 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. దీన్నిబట్టి ఒక గట్టి నియమం ఏర్పడుతుంది: 1974కు ముందటి తెలుగు చిత్రం ఏ డిస్కులోనైనా స్కోప్ వెడల్పున కనిపిస్తే, అది పైనా కిందా కోసినదో, పక్కలకు సాగదీసినదో అయి తీరాలి. కె.వి. రెడ్డి దర్శకత్వంలో మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం చేసిన 1957 నాటి 'మాయాబజార్' అకాడమీ చట్రపు చిత్రం. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు దాన్ని వెడల్పు తెరకు సరిపెట్టారు. 1.37 బొమ్మను 1.78కి కోస్తే ఎత్తులో దాదాపు నాలుగో వంతు, 2.35కు కోస్తే ఐదింట రెండు వంతులకు పైగా పోతుంది. ఇది ఏ భాష చిత్రానికైనా నష్టమే గాని పౌరాణికాలకు మరీ ఎక్కువ నష్టం, ఎందుకంటే ఆ చిత్రాల్లో పాత్ర ఎత్తు నుదుటితో ముగియదు, కిరీటంతో ముగుస్తుంది. కృష్ణుడి తలమీది పింఛం, ఘటోత్కచుడి కిరీటం, సింహాసనం మీది గొడుగు అన్నీ చట్రపు పైభాగంలోనే ఉంటాయి. సమీపదృశ్యంలో పింఛాన్ని కాపాడాలని చట్రాన్ని పైకి జరిపితే గడ్డం కింద హారం పోతుంది, హారాన్ని కాపాడితే పింఛం పోతుంది. బార్ట్‌లే వెలుగునీడలతో అంత శ్రద్ధగా తీర్చిన ఫ్రేముల పట్ల ఇంతకన్నా అన్యాయం లేదు, అసలు ఆకారంలో ఉన్న నలుపు తెలుపు డిస్కు దొరికినంత కాలం ప్రదర్శనకు దాన్నే వాడాలి.

డెబ్బై ఎం.ఎం. చిత్రాల సంగతి ఇంకొంత తిరకాసు. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, దేవి థియేటర్ల పేర్ల పక్కన 70 ఎం.ఎం. అన్న మాటా, సుదర్శన్ పేరు పక్కన 35 ఎం.ఎం. అన్న మాటా ఊరంతటికీ నోటికొచ్చినవే. ఆ అంకెలు ఫిల్ము వెడల్పును చెబుతాయి గానీ బొమ్మ ఆకారాన్ని నేరుగా చెప్పవు. 70 ఎం.ఎం. బొమ్మ 2.20 నిష్పత్తిలో ఉంటుంది, స్కోప్ కన్నా కాస్త ఇరుకు. 'షోలే' వంటి చిత్రాన్ని 35 ఎం.ఎం. ఫిల్ము మీద తీసి, ముద్రణలో 70 ఎం.ఎం.కు పెంచారు, కృష్ణ దర్శకత్వం వహించిన 'సింహాసనం' 1986లో తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రంగా వచ్చింది. పెంచిన ప్రతిలోని చట్రం ఒకటి, మామూలు హాళ్ళకు పంపిన 35 ఎం.ఎం. ప్రతిలోని చట్రం మరొకటి కాబట్టి, డిస్కుకు మూలమైన ప్రతి ఏదో తెలిస్తే తప్ప ఏ ఆకారం ఎందుకు వచ్చిందో బోధపడదు. సూపర్ 35 అనే పద్ధతిలో తీసిన చిత్రాలకూ ఇదే వర్తిస్తుంది: నెగటివ్ నిండా తీసి, అందులోంచి స్కోప్ ముక్కను ఎంచుకుంటారు. 'టైటానిక్' అలా తీసినదే, అందుకే 2012 నాటి త్రీడీ రూపం స్కోప్‌లో కాక 1.78లో ఉంది.

ఇక డిస్కు లోపలి సంగతి. డీవీడీలో బొమ్మ సాధారణంగా అడ్డంగా 720 చుక్కలతో, మనదేశపు పాల్ పద్ధతిలో నిలువుగా 576 గీతలతో, అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో 480 గీతలతో నిల్వ అవుతుంది. ఆ చుక్కలు చతురస్రాలు కావు. ఆ 720 చుక్కలనూ 4:3 ఆకారంలో పరవాలా, 16:9 ఆకారంలో పరవాలా అన్నది డిస్కులో రాసి ఉన్న ఒక చిన్న గుర్తు ప్లేయరుకు చెబుతుంది. 16:9గా పరవవలసిన దాన్ని అనమార్ఫిక్ డీవీడీ అంటారు, ఇది సినిమాస్కోప్ లెన్సులోని సూత్రమే మరో రూపంలో. 16:9, అంటే 1.78, ఏ సినిమా ఆకారమూ కాదు. 1980లలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు వాడుకలోని నిష్పత్తులన్నిటి దీర్ఘచతురస్రాలనూ ఒకదానిపై ఒకటి పరచి చూసి, 1.33కూ 2.35కూ నడిమి విలువగా దాన్ని సూచించాడు. అన్నింటికీ సరిపడేందుకు పుట్టిన ఈ ఆకారంలో దాదాపు ప్రతి సినిమాకూ ఏదో ఒక వైపు నల్లపట్టీ తప్పదు, అది లోపం కాదు.

మనదేశంలో విడుదలైన పాత డీవీడీల్లో చాలా భాగం అనమార్ఫిక్ కావు. స్కోప్ బొమ్మను 4:3 చట్రంలోనే పైనా కిందా నల్లపట్టీలతో ఇమిడ్చి ముద్రించారు, దీన్ని లెటర్‌బాక్స్ అంటారు. పాల్ డిస్కులో 2.35 చిత్రానికి అనమార్ఫిక్ పద్ధతిలో దాదాపు 436 గీతలు దక్కితే, ఇలాంటి డిస్కులో 327 మాత్రమే దక్కుతాయి, అంటే వివరంలో నాలుగో వంతు ముద్రణలోనే పోయింది. నేటి ప్రొజెక్టరు మీద ఈ డిస్కు వేస్తే బొమ్మకు నాలుగు వైపులా నలుపు ఉండి, తెర మధ్యలో చిన్న కిటికీలా కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి 'ఫుల్' లేదా 'వైడ్' అమరిక నొక్కితే మొత్తం బొమ్మ పక్కలకు మూడో వంతు సాగి, స్తంభాలు లావెక్కి, నర్తకుల చేతులు అతిగా చాచుకుంటాయి. 'జూమ్' అమరికను వాడితే ఎత్తూ వెడల్పూ సమానంగా పెరిగి, పనికిరాని నలుపు మాత్రమే తెర బయటికి పోతుంది. జూమ్‌ను నిర్భయంగా వాడదగిన సందర్భం ఇదొక్కటే. బ్లూ-రేలో 1920 చుక్కలు, 1080 గీతలు ఉంటాయి, చుక్కలు చతురస్రాలే, గుర్తుల గొడవ లేదు. నల్లపట్టీలు బొమ్మలో భాగంగానే ముద్రించి ఉంటాయి, స్కోప్ చిత్రం సుమారు 800 గీతలనూ, అకాడమీ చిత్రం సుమారు 1480 చుక్కల వెడల్పునూ వాడుకుంటాయి. వీడియో సీడీలు 4:3 తప్ప మరొకటి ఎరుగవు, ప్రదర్శనకు అవి చివరి గతి మాత్రమే.

మోసపూరితమైన డిస్కు పాన్ అండ్ స్కాన్ పద్ధతిది. స్కోప్ చిత్రంలోంచి 4:3 ముక్కను కోసి, సంభాషణను బట్టి ఆ ముక్కను అటూ ఇటూ జరుపుతారు. బొమ్మలో నూటికి 43 వంతులు పోతాయి, దర్శకుడు చెయ్యని కెమెరా కదలికలు పుడతాయి. తెర నిండుగా ఉంటుంది, మనుషులు సరైన లావులోనే ఉంటారు, అందుకే కంటికి తప్పు దొరకదు. పట్టించేది పేర్ల భాగం: నటీనటుల పేర్లు అంచుల్లో తెగకుండా ఆ భాగాన్ని మాత్రం నొక్కి పెడతారు కాబట్టి, పేర్లు పడుతున్నంతసేపూ మనుషులు సన్నగా పొడవుగా ఉండి, పేర్లు అయిపోగానే ఒక్కసారిగా మామూలైపోతారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుతుంటే చట్రం అంచున ముక్కు మాత్రమే కనిపించడం మరో గుర్తు. అలాంటి డిస్కుకు ఏ అమరికా మందు కాదు, వేరే డిస్కు వెతకవలసిందే. వుడీ ఆలెన్ తన స్కోప్ చిత్రం 'మన్‌హాటన్'ను వీడియోకు ఇచ్చేటప్పుడు నల్లపట్టీలు ఉండి తీరాలని పట్టుబట్టాడు, ప్రేక్షకులు పట్టీలను తప్పుగా భావించే 1980లలో అది పెద్ద మాటే.

ప్రొజెక్టరుకు ముందున్న ప్లేయరును ఎప్పుడూ 16:9 తెరకు అమర్చి ఉంచాలి, చిత్రం 4:3ది అయినా సరే. ప్లేయరు 4:3కు అమర్చి ఉంటే అనమార్ఫిక్ డిస్కును తానే లెటర్‌బాక్స్‌గా మార్చేసి గీతలను పారేస్తుంది. ఆకారాన్ని సరిచేసే పని ప్లేయరుదో ప్రొజెక్టరుదో ఒక్కదానికే అప్పగించాలి, రెండూ చేస్తే ఒకసారి సరిచేసినది రెండోసారి చెడుతుంది. అంచుల్లో కొద్ది శాతం కోసేసే ఓవర్‌స్కాన్ అనే పాత టీవీల అలవాటు కొన్ని ప్రొజెక్టర్లలో ఇప్పటికీ మిగిలి ఉంది, దాన్ని ఆపాలి. ప్రొజెక్టరును బల్ల మీద ఏటవాలుగా ఎత్తిపెట్టి, పైన వెడల్పై కింద ఇరుకైన బొమ్మను కీస్టోన్ అమరికతో సరిచేసే అలవాటు మరీ చెడ్డది, ఎందుకంటే ఆ సవరణ చుక్కలను వృథా చేయడమే కాక చాలాసార్లు నిష్పత్తిని కూడా కొద్దిగా మార్చేస్తుంది; లెన్సును నిలువుగా జరిపే వీలు లేకపోతే ప్రొజెక్టరునే తెరకు లంబంగా పెట్టాలి. వీటన్నిటికీ ఒకే పరీక్ష చాలు. గుండ్రని వస్తువు ఎదురుగా కనిపించే చోట, అంటే గోడ గడియారమో, గ్రామఫోన్ రికార్డో, నిండు చంద్రుడో ఉన్న ఫ్రేము దగ్గర బొమ్మను ఆపి, తెర మీద దాని అడ్డాన్నీ నిలువునూ టేపుతో కొలిస్తే రెండూ సమానంగా రావాలి. అంచనా మీద ఆధారపడకూడదు, పది నిమిషాలు చూస్తే కన్ను తప్పుడు ఆకారానికి కూడా అలవాటుపడుతుంది.

తెర విషయంలో రెండు సంప్రదాయాలున్నాయి. 16:9 తెర కొంటే అన్ని చిత్రాలకూ గరిష్ఠ వెడల్పు ఒకటే. ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తున్న అలాంటి తెర మీద అకాడమీ చిత్రం ఆరడుగుల పైచిలుకు వెడల్పుతో పూర్తి ఎత్తును వాడుకుంటే, స్కోప్ చిత్రం ఎనిమిదడుగుల వెడల్పుతో మూడడుగుల నాలుగు అంగుళాల ఎత్తుకు కుంగిపోతుంది. సినిమాస్కోప్‌ను పుట్టించిన ఉద్దేశానికి ఇది పూర్తిగా విరుద్ధం, హాల్లో నల్లగుడ్డలు పక్కలకు జరిగి తెర విచ్చుకున్నప్పుడు కలిగే ఉత్సాహమే దాని ప్రాణం. ఎత్తును స్థిరంగా ఉంచి వెడల్పును మార్చే పద్ధతి థియేటరు సంప్రదాయానికి దగ్గరిది. అదే నాలుగున్నర అడుగుల ఎత్తుకు దాదాపు పదకొండడుగుల స్కోప్ తెర కట్టి, మిగతా చిత్రాలకు పక్కల నల్లగుడ్డలు మూస్తారు. స్కోప్ చిత్రానికి ప్రొజెక్టరు లెన్సు జూమ్‌తో బొమ్మను పెంచి, పట్టీలను తెర బయటికి పంపవచ్చు గానీ, అదే వెలుతురు మరింత విస్తీర్ణానికి పరచుకోవడంతో ప్రకాశం సగానికి కాస్త పైన ఆగుతుంది. ప్రొజెక్టరు ముందు అనమార్ఫిక్ లెన్సు పెట్టి, బొమ్మను లోపల నిలువుగా మూడో వంతు సాగదీసి, లెన్సుతో అంతే అడ్డంగా విప్పితే చుక్కలన్నీ వెలుగుతాయి, ఖర్చు ఎక్కువ, పైగా తరువాతి చిత్రానికి లెన్సు తియ్యడం మరిచిపోయే ప్రమాదం ఉంది. స్థోమతను బట్టి ఏది ఎంచుకున్నా, తెరలో వాడని భాగానికి నల్లటి వెల్వెట్ గుడ్డ అడ్డుపెట్టడం మాత్రం మానకూడదు. నల్లపట్టీ మీద ప్రేక్షకులకు ఉండే విసుగు నిజానికి ఆ పట్టీ నల్లగా కాక బూడిదరంగులో మెరవడం వల్ల వచ్చేది, గుడ్డ కట్టిన చోట ఆ విసుగు కనబడదు.

ఒకే చిత్రంలో నిష్పత్తి మారే చిత్రాలు ఇటీవల ఎక్కువయ్యాయి. 'ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్' కథ జరిగే కాలాన్ని బట్టి 1.37, 1.85, స్కోప్ ఆకారాల మధ్య మారుతుంది. గ్జావియే దొలాన్ 'మామీ'లో చతురస్రపు చట్రాన్ని నాయకుడు చేతులతో పక్కలకు నెట్టి తెరుస్తాడు. 'ది డార్క్ నైట్' బ్లూ-రేలో ఐమాక్స్ కెమెరాతో తీసిన ఘట్టాలు వచ్చినప్పుడు స్కోప్ బొమ్మ నిలువుగా పెరిగి 16:9 నిండుతుంది. వీటిని స్థిర ఎత్తు తెర మీద జూమ్ చేసి వేస్తే పెరిగిన భాగం పైకప్పుకూ నేలకూ పడుతుంది కాబట్టి, ఇటువంటి చిత్రాలకు మాత్రం 16:9 అమరికకే తిరిగి రావాలి, ప్రదర్శన మధ్యలో ఏ మీటా తాకకూడదు.

ఉపశీర్షికల సమస్య వీటన్నిటికన్నా చిన్నదే అయినా మన ప్రదర్శనల్లో తరచు ఎదురయ్యేది. తెలుగు చిత్రాన్ని ఇతరభాషల వారికీ, విదేశీ చిత్రాన్ని తెలుగు ప్రేక్షకులకూ చూపించేటప్పుడు సబ్‌టైటిల్స్ తప్పవు, చాలా డిస్కుల్లో ఆ అక్షరాల రెండో వరుస కింది నల్లపట్టీలో పడుతుంది. జూమ్ చేసిన స్కోప్ తెర మీద ఆ వరుస తెర దాటి గోడ మీదికి పోతుంది. కొన్ని బ్లూ-రే ప్లేయర్లలో అక్షరాలను పైకి జరిపే అమరిక ఉంటుంది. అది లేనప్పుడు, సంభాషణ అర్థం కాని ప్రేక్షకులు హాల్లో ఉన్నప్పుడు, బొమ్మ కొంత చిన్నదైనా పట్టీలతో సహా తెర మీద ఉంచి, రెండో వరుస చదవగలిగేంతవరకే కింది గుడ్డను జరపాలి.